వాననీటి ట్యాంకు ఎన్ని లీటర్లది పెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డాబా 120 చదరపు మీటర్లు, ఇంట్లో నలుగురు. ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన, అందులో 780 దాకా ఐదు నెలల్లోనే పడిపోతుంది. వాననీళ్లు టాయిలెట్లకీ బట్టలకీ మొక్కలకీ వాడుకుంటారు, తాగడానికీ వంటకీ కుళాయి ఉంది. ట్యాంకులు అమ్మే ఆయన 20 వేల లీటర్లది పెట్టమన్నాడు, పక్కింటాయన 2 వేలు చాలన్నాడు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వద్దండి. మీ ఇంటికి 5 వేల లీటర్లది పెట్టండి. జాగా ఉండి, వానలు లేని నెలల్లో కుళాయి కూడా మొండికేస్తుందనుకుంటే 10 వేలకు వెళ్లండి. అదైనా ఒకే పెద్దది కాదు, 5 వేలవి రెండు. ఈ అంకె ఎలా వచ్చిందో చెప్తాను. మీ వాడకం నేననుకున్న దానికి తేడాగా ఉంటే మీరే మార్చుకోవచ్చు.

నేను పద్దెనిమిదేళ్లుగా ఈ ట్యాంకులు బిగించే పనిలో ఉన్నాను. అందరూ మొదట చెప్పేది "మా డాబా ఇంత" అనే. డాబా సైజు చెప్పేది నీళ్లు ఎన్ని వస్తాయన్నది మాత్రమే. ట్యాంకు సైజు తేల్చేవి వేరే రెండున్నాయి: రోజుకి మీరు ఎన్ని వాడతారు, రెండు వానల మధ్య ఎన్ని రోజుల బెట్ట ఉంటుంది. నీళ్లు ఎన్ని వచ్చినా రేపు వాడుకోవడానికి దాచుకునే డబ్బానే కదా ట్యాంకు. రేపు మళ్లీ వాన ఉంటే చిన్న డబ్బా చాలు, నెల తర్వాత ఉంటే పెద్దది కావాలి.

ముందు రాబడి సంగతి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఈ లెక్కకి మించింది లేదు. కాకపోతే పడిందంతా ట్యాంకులోకి రాదు. కప్పు తడవడానికి కొంత, చిమ్మి పోయేది కొంత, మొదట వచ్చే మురికినీళ్లు వదిలేస్తాం కాబట్టి అది కొంత. ఇవన్నీ తీసేసి సిమెంటు డాబాకి నేను 0.8 వేసుకుంటాను. రేకుల కప్పయితే 0.9 దాకా పోవచ్చు, పాత పెంకులైతే 0.75కి దిగుతాను. మీకు 120 ని 0.8 తో గుణిస్తే 96. అంటే మిల్లీమీటరుకి 96 లీటర్లు. ఏడాదికి 86 వేల చిల్లర.

ఇక్కడే ఒక మాట. కప్పు విస్తీర్ణం అంటే గొట్టానికి అందే విస్తీర్ణం. ఒకాయన 25 వేల లీటర్ల సంపు కట్టించుకుని, రెండేళ్లయినా నిండలేదని నన్ను పిలిచాడు. మూత తీసి టార్చి వేసి చూస్తే లోపల గోడకి మోకాలెత్తులో గోధుమ రంగు గీత ఒకటి చుట్టూ తిరిగి ఉంది. నీళ్లు ఎప్పుడూ ఆ గీత దాటలేదన్నమాట. గీత పైన ప్లాస్టరు కొత్త గోడలా మెరుస్తోంది. డాబా ఎక్కి బకెట్టు నీళ్లు గుమ్మరిస్తే విషయం తెలిసింది. వాలు సగం అటు, సగం ఇటు ఉంది. నాలుగు గొట్టాల్లో రెండే సంపుకి కలిపారు, మిగతా రెండూ వెనక సందులోకి పోతున్నాయి. ఆయన లెక్కలో ఉన్న కప్పు వేరు, సంపుకి తెలిసిన కప్పు వేరు. మీరూ ఏదీ కొనకముందు ఓసారి బకెట్టు పట్టుకుని డాబా ఎక్కండి. వాలుగా ఉన్న పెంకుటిల్లయితే పెంకుల పొడవు కొలవకండి. నేల మీద ఎంత మేర కప్పుతోందో అదే లెక్క, ఎందుకంటే వాన పైనుంచి పడుతుంది.

ఇక వాడకం. ఇది దాదాపు అందరూ తప్పు చెప్తారు, నేనూ చెప్పాను. మా ఇంటికి నేను పెట్టుకున్న మొదటి ట్యాంకు వెయ్యి లీటర్లది. రోజుకి వంద లీటర్లు వాడతాం, పది రోజులొస్తుందని నోటికొచ్చిన లెక్క. ఆరో రోజుకే మోటారు గాలి పీల్చింది. అప్పుడు ట్యాంకు పక్కన నిలబెట్టిన పారదర్శక గొట్టం వెనక కాగితం అంటించి, వారం రోజులపాటు పొద్దున్నే నీటిమట్టం దగ్గర గీత గీసి తేదీ వేశాను. రోజుకి 170 తేలింది. ఇంట్లో ఎవరు ఎంత వాడుతున్నారని గొడవ కూడా తేలిందనుకోండి, అది వేరే కథ.

మీకు అలా కొలిచే వీలు ఇప్పుడు లేదు కాబట్టి అంచనా వేద్దాం. ఫ్లష్‌కి 6 లీటర్లు, మనిషికి రోజుకి ఐదుసార్లు, నలుగురికి 120. ముందు తలుపు ఉన్న వాషింగ్ మెషీను అయితే ఒక వాయికి 50 నుంచి 70, రోజుకి ఒక వాయి అనుకుని 60 వేశాను. పైనుంచి బట్టలు వేసే రకమైతే అది రెట్టింపుకి పైనే ఉండొచ్చు, చూసుకోండి. మొక్కలకి చదరపు మీటరుకి రోజుకి 4 లీటర్లు, 20 చదరపు మీటర్లుంటాయనుకుంటే 80. ఇది వానలు లేనప్పుడే. అంటే వానల్లో రోజుకి 180, మిగతా కాలంలో 260.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వానలు పడే ఐదు నెలల్లో మీకు 75 వేల లీటర్లు వస్తాయి, మీరు వాడేది 27 వేలు. మిగతా ఏడు నెలల్లో వచ్చేది 11,500, మీకు కావలసింది 56 వేలు. ఏడాది మొత్తం మీద వచ్చేదీ కావలసిందీ దాదాపు సమానం. సరిగ్గా ఇక్కడే అమ్మేవాళ్లు కాలిక్యులేటర్ బయటికి తీస్తారు: "చూశారా, పెద్ద ట్యాంకు పెడితే ఏడాదంతా వాననీళ్లే!" మాట నిజమే. కానీ అలా కావాలంటే లోటు 44 వేల పైచిలుకు కాబట్టి 45 వేల లీటర్ల ట్యాంకు కావాలి, ఆయన చెప్పిన 20 వేలది కూడా చాలదు.

అందుకే నేను వేరే ప్రశ్న వేస్తాను: ఈ ట్యాంకు ఏడాదిలో ఎన్నిసార్లు నిండి ఎన్నిసార్లు ఖాళీ అవుతుంది? నిండి అలాగే కూర్చున్న ట్యాంకుతో మీకు లాభం లేదు, ఖాళీగా పడి ఉన్నదానితోనూ లేదు. నిండుతూ ఖాళీ అవుతూ ఉన్నదే పని చేస్తున్నట్టు. మీ అంకెలతో నేను వేసుకున్న అంచనా చెప్తాను. 2 వేల లీటర్లది పెడితే ఏడాదిలో సుమారు 31 వేల లీటర్లు వాడుకోగలరు. 5 వేలది పెడితే 42 వేలు. 10 వేలకు 48 వేలు. 20 వేలకు 58 వేలు. రెండు నుంచి ఐదుకి వెళ్లినప్పుడు అదనంగా పెట్టిన మూడు వేల లీటర్ల సామర్థ్యం 11 వేల లీటర్లు తెచ్చిపెట్టింది. ఐదు నుంచి పదికి వెళ్తే మరో ఐదు వేల సామర్థ్యానికి ఆరు వేలే వచ్చాయి. పది దాటాక పెంచిన ప్రతి లీటరూ ఏడాదికి ఒక్కసారే నిండుతుంది, ఒక్కసారే ఖాళీ అవుతుంది. మీ అవసరంలో సగం ఒక్క 5 వేల ట్యాంకుతో తీరుతోంది. మిగతా సగం కోసం అలాంటివి ఇంకో ఎనిమిది కావాలి. మీకు కుళాయి ఉంది కదా, ఆ ఎనిమిదింటి పని దానికి వదిలేయండి.

పక్కింటాయన 2 వేలు ఎందుకు వద్దన్నానంటే, 25 మిల్లీమీటర్ల ఒక్క మంచి వానకి మీ డాబా 2,400 లీటర్లు దించుతుంది. గంటలో నిండిపోతుంది, ఆ తర్వాత పడిందంతా బయటికే. పైగా రోజుకి 180 చొప్పున 2 వేలు పదకొండు రోజులు వస్తాయి. వానల్లో కూడా పది పదిహేను రోజులు మొహం చాటేయడం మామూలే. 5 వేలయితే 50 మిల్లీమీటర్ల వానని దాదాపు మొత్తం పట్టుకుంటుంది, ఇరవయ్యేడు రోజులు నడుస్తుంది. అయితే ఇంట్లో ఇద్దరే ఉండి ఒక్క టాయిలెట్టుకే వాడుకుంటే మాత్రం ఆయన చెప్పిన 2 వేలు చక్కగా సరిపోయేవి. ఆయన లెక్క ఆయన ఇంటికి కరెక్టే అయ్యుండొచ్చు.

బ్రిటన్‌లో ఇళ్లకి వాడే సులువు పద్ధతి ఒకటుంది: ఏడాది రాబడి, ఏడాది వాడకం, ఈ రెండింటిలో తక్కువ దాన్ని తీసుకుని అందులో 5 శాతం ట్యాంకు పెట్టడం. అంటే పద్దెనిమిది రోజుల నీళ్లు. మీ అంకెలకి అది 4 వేల పైన వస్తుంది, నా 5 వేలకి దగ్గరగానే ఉంది. కానీ ఆ సూత్రం ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా వాన పడే చోటు కోసం పెట్టుకున్నది. కుళాయి లేని ఇంట్లో, నెలల తరబడి చినుకు లేని చోట దాన్ని పట్టుకుని కూర్చుంటే దాహంతో ఉండాల్సిందే. మీకు సరిపోయిందంటే మీ వెనక కుళాయి ఉండబట్టి.

వాననీళ్లు తప్ప వేరే దిక్కు లేనివాళ్ల లెక్క పూర్తిగా వేరు. అప్పుడు సగటు చూడకూడదు, అన్నిటికంటే పొడవైన బెట్ట ఎన్ని రోజులో చూడాలి. దాన్ని రోజువారీ వాడకంతో గుణించి, పైన ఇంకో పాతిక శాతం వేసుకోవాలి. ఇందులో ఒక విచిత్రం ఉంది. నేను చేసిన ఒక ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరే ఉంటారు. వాళ్లకి తాగడానికీ వంటకీ మాత్రమే వాననీళ్లు కావాలి, మిగతావాటికి ఉప్పునీళ్ల బోరు ఉంది. ఇద్దరికీ కలిపి రోజుకి 12 లీటర్లు, బెట్ట ఏడు నెలలు. గుణిస్తే రెండున్నర వేలు! పాతిక శాతం కలిపినా 3,200. ఏడాదంతా తాగే నీళ్లకి ఆ ట్యాంకు చాలింది. మీ టాయిలెట్లకేమో 5 వేలు నెల రోజులు కూడా రావడం లేదు. ఏ పనికి వాడతారో తేల్చకుండా సైజు అడగొద్దని నేను అనేది ఇందుకే. తాగడానికైతే మాత్రం సైజుతో పాటు కప్పు శుభ్రత, వడపోత, కాచుకోవడం అన్నీ చూసుకోవాలి. సీసం కలిసిన పాత రంగు వేసిన కప్పు అయితే ఆ ఆలోచనే మానుకోండి.

వాన అంకెల గురించి కూడా ఒక జాగ్రత్త. నెల సగటు 100 మిల్లీమీటర్లు అని కాగితం మీద ఉంటే, అది ముసురు పట్టి పదిహేను రోజులు పడి ఉండొచ్చు, రెండే రెండు కుండపోతలు అయ్యుండొచ్చు. ట్యాంకుకి ఈ రెండూ ఒకటి కాదు. మొదటిది చిన్న ట్యాంకులో కూడా ఇముడుతుంది, రెండోది సగం పొంగిపోతుంది. ఓపిక ఉంటే పదేళ్ల రోజువారీ వాన అంకెలు సంపాదించి ఎక్సెల్‌లో వేయండి. నిన్నటి నిల్వకి ఇవాళ వచ్చిన నీళ్లు కలపండి, ట్యాంకు సైజు దాటిందంతా కొట్టేయండి, ఇవాళ్టి వాడకం తీసేయండి, మిగిలింది రేపటికి. అంతే, ఆ వరుసని కిందికి లాగితే పదేళ్లు వచ్చేస్తాయి. తర్వాత సైజు గడిలో 2, 3, 5, 8, 10 వేలు మార్చి చూడండి. ఏ సైజు దగ్గర లాభం మందగిస్తుందో కళ్లముందే కనిపిస్తుంది. ఒకటికి రెండుసార్లు చూడాల్సింది ఆ పదేళ్లలో అన్నిటికంటే తక్కువ వాన పడిన ఏడాది.

ట్యాంకు మీద రాసి ఉన్న అంకె కూడా పూర్తిగా మీది కాదు. అడుగున మడ్డి చేరుతుంది కాబట్టి నీళ్లు తీసే గొట్టం ఓ పది సెంటీమీటర్లు పైన పెడతాం. పైన పొంగు గొట్టం ఇంకో పది సెంటీమీటర్లు కిందికి ఉంటుంది. 1.8 మీటర్ల అడ్డంకొలత ఉన్న 5 వేల ట్యాంకులో ఒక్కో పది సెంటీమీటర్లూ 250 లీటర్లు. రెండూ కలిపి 500 పోయాయి, చేతికొచ్చేది నాలుగున్నర వేలు. పొట్టిగా వెడల్పుగా ఉన్న ట్యాంకులో ఈ నష్టం ఇంకా ఎక్కువ.

ఇంకో తప్పు చాలా ఇళ్లలో చూస్తుంటాను. ట్యాంకు ఖాళీ అవగానే కుళాయి తిప్పి నిండా నింపేస్తారు. ఆ సాయంత్రమే వాన వస్తుంది, వచ్చిన వానంతా పొంగు గొట్టంలోంచి పోతుంది. కుళాయి నీళ్లు కలపాల్సి వస్తే ఫ్లోట్ వాల్వు (మట్టం రాగానే నీళ్లు ఆపేసే తేలే బంతి) కిందికి పెట్టించి, అడుగు నుంచి ఒక జానెడు మట్టం దాకానే నింపేలా చూడండి. కుళాయి గొట్టం నోరు మాత్రం వాననీటిలో మునగకూడదు, పైన గాలి ఖాళీ ఉండాలి. లేకపోతే ఎప్పుడైనా వెనక్కి లాగేస్తే వాననీళ్లు తాగే నీళ్లలో కలుస్తాయి.

బరువు సంగతి మరిచిపోకండి. 5 వేల లీటర్లంటే 5 టన్నులు. దీన్ని డాబా మీద పెడదామని మాత్రం అనకండి. నేల మీదైనా గట్టిపడిన నేల, సమంగా పోసిన కాంక్రీటు దిమ్మ ఉండాలి. భూమిలో పాతే ప్లాస్టిక్ ట్యాంకు అయితే దీనికి ఉల్టా టెన్షన్. ఒకచోట ట్యాంకు పాతాక ఇంకా గొట్టాలు కలపలేదు, లోపల ఖాళీ. రాత్రి పెద్ద వానకి చుట్టూ మట్టిలో నీళ్లు ఊరి, పొద్దున చూసేసరికి ట్యాంకు పడవలా తేలి జానెడు పైకి లేచి ఉంది. నీళ్లు పైకి ఊరే నేల అయితే దిమ్మకి కట్టి బిగించాలి, పాతేటప్పుడే కొంత నీళ్లు నింపాలి. మీకు నేల పైన జాగా ఉంటే పైనే పెట్టుకోండి, పగుళ్లు కనిపిస్తాయి, కడగడం సులువు.

మూత, జాలీ, పొంగు గొట్టం గురించి గబగబా చెప్పేస్తాను. వెలుతురు లోపలికి పోతే పాచి పడుతుంది, కాబట్టి ముదురు రంగు ట్యాంకు. ప్రతి రంధ్రానికీ సన్న జాలీ, ఎందుకంటే దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు చాలు, మీ ట్యాంకులో నీళ్లు అంతకంటే ఎక్కువ రోజులే నిలవుంటాయి. మొదటి వాన మురికి వదలడానికి మీ డాబాకి కనీసం 120 లీటర్ల గొట్టమో డ్రమ్మో విడిగా పెట్టండి. పొంగు గొట్టం లోపలికి వచ్చే గొట్టం కంటే సన్నగా ఉండకూడదు. పొంగిన నీళ్లు పునాది దగ్గర కాకుండా కనీసం మూడు మీటర్ల దూరంలో ఇంకుడుగుంతలోకి వదలండి. వానల్లో మీకు మిగిలే 48 వేల లీటర్లలో ఎక్కువ భాగం పోయేది అక్కడికే. అది వృథా అయినట్టు కాదు, ఇంత లెక్క చెప్పి ట్యాంకు చిన్నది పెట్టుకోమనడానికి నాకు ధైర్యమిచ్చేది ఆ గుంతే.

చివరగా, 5 వేలది పెట్టేటప్పుడే దిమ్మ రెండు ట్యాంకులకి సరిపడా పోయించండి. మొదటి ట్యాంకు అడుగు గొట్టానికి ఒక టీ (T ఆకారంలో ఉండే మూడు నోళ్ల జాయింటు) బిగించి, వాల్వు పెట్టి మూత వేసి వదిలేయండి. ఒక ఏడాది వాడి చూడండి. గోడ మీద గీతలు గీసినా, పుస్తకంలో రాసుకున్నా మీ ఇష్టం: ట్యాంకు పొంగిన రోజులెన్ని, ఎండిపోయిన రోజులెన్ని. పొంగిన కొద్ది రోజులకే ఎండిపోవడం పదేపదే జరుగుతుంటే రెండోది తెచ్చి ఆ టీకి కలపండి. వానలు మొత్తం ఆగిపోయాక ఎండిపోవడం ఒక్కటే అయితే దాని జోలికి పోకండి. ఈలోగా మీ రోజువారీ వాడకం కొలిస్తే ఇక్కడ రాయండి, 180 అన్న నా అంచనా ఎంత తప్పిందో నేనూ చూస్తాను.